పుట్ట మీద కాపలా కాసే కొంగోనీ

పాఠకుల ప్రశ్నలు – పశువైద్యుడి జవాబులు

గత నెల ఈ శీర్షికలో రావులపాలెం పాఠకురాలు ఒకరు పంపిన ఫొటోను ప్రచురించి, దాని మీద సందేహాలుంటే రాయమని కోరాను. వచ్చిన ఉత్తరాలన్నీ ఆ ఒక్క జంతువు చుట్టూనే తిరిగాయి కనుక ఈ నెల స్థలమంతా దానికే కేటాయిస్తున్నాను. మొదట ఆమె ఉత్తరం.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా అబ్బాయి నైరోబీలో ఉద్యోగం చేస్తున్నాడు. ఊరిని ఆనుకునే ఉన్న నేషనల్ పార్కులో ఈ ఫొటో తీసి పంపాడు. చెదపుట్ట మీద నిలబడిన ఈ జంతువుకు గుర్రం మొహంలాంటి మొహం, ఆవు కొమ్ముల్లాంటి కొమ్ములు ఉన్నాయి. అక్కడివాళ్ళు కొంగోనీ అంటారట. మా మామగారు మాత్రం ఇది మనుబోతేనని పట్టుబడుతున్నారు. ఏది నిజం? (ఒక పాఠకురాలు, రావులపాలెం)

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పినదే సరైనది. అయితే మీ మామగారి ఊహ కూడా ఊరికే పుట్టినది కాదు. భుజాలు ఎత్తుగా ఉండి, వెన్ను తోకవైపు జారుగా దిగడం మనుబోతులోనూ కొంగోనీలోనూ కనిపిస్తుంది. కొమ్ములు చూస్తే తేడా తెలిసిపోతుంది. మనుబోతులో మగదానికే కొమ్ములుంటాయి, అవీ జానెడు పొడవున నిటారుగా ఉంటాయి. కొంగోనీలో ఆడదానికీ మగదానికీ రెండింటికీ కొమ్ములుంటాయి. నుదుటి ఎముక తల పైన ఒక దిమ్మలా లేచి, ఆ ఒక్క దిమ్మ మీద నుంచే రెండు కొమ్ములూ పుట్టి, చెరో పక్కకు పరచుకొని, మళ్ళీ పైకి తిరుగుతాయి. ఆ దిమ్మ వల్లనే మొహం అంత పొడవుగా, విచారంగా ఉన్నట్టు కనిపిస్తుంది.

కొంగోనీ అనేది స్వాహిలీ మాట. పుస్తకాల్లో దీని పేరు హార్టెబీస్ట్. దక్షిణాఫ్రికాలో స్థిరపడిన డచ్చివారు దీన్ని చూసి తమ దేశపు దుప్పి అనుకొని ‘దుప్పి మృగం’ అనే అర్థంలో ఆ పేరు పెట్టారు. నిజానికి ఇది దుప్పి కుటుంబానికి చెందదు. తెలుగులో మనం జింక అన్న ఒక్క మాటతో రెండు వేరు కుటుంబాలను కలిపేస్తాము కాబట్టి ఈ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. చుక్కల దుప్పికి, కణితికి ఉండేవి గట్టి ఎముకతో ఏర్పడి కొమ్మలుగా చీలే కొమ్ములు. అవి ఎప్పటికప్పుడు ఊడిపోయి మళ్ళీ మొలుస్తాయి. కృష్ణజింక, మనుబోతు, మేక, గొర్రె, ఆవు, గేదె, ఈ కొంగోనీ మాత్రం మరో కుటుంబం. వీటి కొమ్ము లోపల ఎముక, పైన గోరులాంటి పదార్థంతో చేసిన తొడుగు ఉంటాయి. అది జీవితాంతం ఉంటుంది, విరిగితే తిరిగి రాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రైతు బండెద్దును తీసుకొచ్చాడు. బండి గుంటలో పడినప్పుడు కాడికి తగిలి కొమ్ము ఊడిందన్నాడు. ఊడిన తొడుగు ఆయన చేతిలోనే ఉంది, బోలుగా, కత్తి ఒరలాగా. ఎద్దు తల మీద లోపలి ఎముక గులాబీ రంగులో, సన్నటి రంధ్రాలతో, నెత్తురు ఊరుతూ కనిపించింది. శుభ్రం చేసి, మందు అద్ది గుడ్డ చుట్టి కట్టు కట్టాము. ఆ ఎద్దుకూ మీ ఫొటోలోని జంతువుకూ కొమ్ము నిర్మాణం ఒక్కటే. దుప్పికంటే మీ పెరట్లోని ఆవే దీనికి దగ్గరి చుట్టం.

భుజం దగ్గర ఎత్తు నాలుగు అడుగుల చుట్టూ, బరువు రకాన్ని బట్టి 100 నుంచి 200 కిలోల వరకు, కొమ్ముల పొడవు సుమారు 45 నుంచి 70 సెంటీమీటర్లు ఉంటాయి. సహారాకు దక్షిణాన పడమటి తీరం నుంచి ఇథియోపియా దాకా, అక్కడి నుంచి దక్షిణాన కలహారి ఎడారి దాకా గడ్డి మైదానాలున్న చోట్ల ఇవి వేర్వేరు రకాలుగా విస్తరించాయి. మీ అబ్బాయి చూసినది కెన్యా, టాంజానియాల్లో ఉండే కోక్స్ రకం.

ఇక ఆ పొడవాటి మొహం సంగతి. ఇది చూపులకు వింతగా ఉన్నా ఈ జంతువు బతుకంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఇది దాదాపు గడ్డి మాత్రమే తినే జంతువు. వానాకాలంలో గడ్డి అందరికీ దొరుకుతుంది. కష్టమంతా ఎండాకాలంలోనే. మన డెల్టాలో దాళ్వా (రెండో పంట వరి) కోసిన చేలోకి పశువులను వదిలినప్పుడు గమనించండి. ఎండిన మోళ్ళ మధ్య అక్కడొకటి ఇక్కడొకటిగా పచ్చటి పిలక ఉంటుంది. గేదెకు మూతి వెడల్పు కాబట్టి మోడునూ పిలకనూ కలిపి ఒక్క పట్టున లాగేస్తుంది. అదే మేక అయితే సన్నటి మూతి లోపలికి దూర్చి పిలకను మాత్రమే కొరుకుతుంది. కొంగోనీకి గేదెకున్నట్టు గడ్డిని జీర్ణం చేసుకొనే పొట్టా, మేకకున్నట్టు ఏరుకొనే మూతీ రెండూ ఉన్నాయి. ఎండిన కాడల మధ్య మిగిలిన ఆకును అది ఏరుకొని తింటుంది. ఇతర జంతువులు బక్కచిక్కే నెలల్లో కూడా ఇది ఒళ్ళు నిలుపుకోవడానికి కారణం ఇదే. దాణా ఖర్చుతో సతమతమయ్యే రైతుల మధ్య ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసినవాణ్ణి కాబట్టి ఈ ఏర్పాటును తలచుకున్నప్పుడల్లా నాకు నిజమైన గౌరవం కలుగుతుంది.

పుట్ట మీద నిలబడినది మగదే అయి ఉండవచ్చు. మంచి గడ్డి ఉన్న కొంత నేలను మగది తన సొంతం చేసుకొని, సరిహద్దుల్లో పేడ కుప్పలు వేసి, ఎత్తయిన పుట్ట మీద నుంచి కాపలా కాస్తుంది. ఆడవి పిల్లలతో కలిసి ఒకరి నేల నుంచి మరొకరి నేలకు మేత వెంట తిరుగుతాయి. అంటే ఆడవి వచ్చేది గడ్డి కోసం, మగది కాచేది ఆ గడ్డినే. ఇంకో మగది వస్తే రెండూ ముందు మోకాళ్ళ మీద వంగి, కొమ్ములు మెలివేసి తోసుకుంటాయి. సింహాలు, హైనాలు, అడవికుక్కలు ఉన్న మైదానంలో చుట్టూ చూడటం ఆడవాటికీ అవసరమే కనుక అవి కూడా పుట్టలెక్కుతాయి.

ఎనిమిది నెలల చూలు, ఒకే పిల్ల. ఈనే వేళకు తల్లి మందను విడిచి పొదలు ఉన్న చోటికి వెళుతుంది. పుట్టిన పిల్ల సుమారు రెండు వారాలు గడ్డిలో కదలకుండా పడుకుంటుంది, తల్లి దూరంగా మేస్తూ పాలివ్వడానికి మాత్రం వచ్చిపోతుంది. గడ్డి కోసేశారన్నా, కాల్చేశారన్నా ముందు పోయేది ఆ దాగిన పిల్లే.

ప్రశ్న: గంటకు 70 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతుందని చదివాను. అటువంటి జంతువును తుపాకీ లేని రోజుల్లో ఎలా వేటాడారు? ఇప్పటికీ వేట సాగుతున్నదా? (ఒక ఉపాధ్యాయుడు, అమలాపురం)

జవాబు: మాస్టారూ, వేట చాలా పాతది. ప్రాచీన ఈజిప్టు సమాధుల గోడల మీద హార్టెబీస్ట్‌ను వేటాడే దృశ్యాలున్నాయి. వారి చిత్రలిపిలో ఒక అక్షరం బొమ్మే అప్పుడే పుట్టిన హార్టెబీస్ట్ పిల్ల. ఆ బొమ్మ గీసినవారు ఆ పిల్లను దగ్గర నుంచి చూసినవారే అయి ఉండాలి.

కలహారి ప్రాంతపు సాన్ జనుల పద్ధతి గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే అందులో ఓర్పు, తెలివి రెండూ ఉన్నాయి. వారి విల్లు చిన్నది, బాణం తేలికైనది. ఆ దెబ్బకు 150 కిలోల జంతువు పడిపోదు. చంపేది విషం. ఒక రకం పెంకుపురుగు లార్వాలను నేలలో నుంచి తవ్వి తీసి, వాటి రసాన్ని బాణానికి పూస్తారు. ములికికి కాకుండా దాని వెనుక భాగానికి మాత్రమే పూస్తారు, పొరపాటున ములికి తన వేలికే గీసుకున్నా ప్రాణం పోకుండా ఉండడానికి. ఆ విషం రక్తంలో కలిస్తేనే పనిచేస్తుంది కాబట్టి మాంసం తినడానికి అడ్డు లేదు. అయితే అది నెమ్మదిగా పనిచేస్తుంది. బాణం తగిలిన జంతువు గంటల తరబడి, ఒక్కోసారి మరునాటి దాకా కూడా నడుస్తూనే ఉంటుంది. వేటగాడు అడుగుజాడలు పట్టుకొని వెళతాడు. ఇసుకలో గిట్ట ఎంత లోతుగా దిగింది, అడుగు ఎక్కడ తడబడింది అన్నవి చూసి జంతువు ఎంత దూరంలో ఉందో, ఎంత అలసిందో చెప్పగలడు. మండే ఎండలో జంతువును నీడలో నిలవనీయకుండా వెంటాడి, ఒళ్ళు వేడెక్కి కూలిపోయే దాకా తరిమే పద్ధతి కూడా వారిలో ఉండేది. మనిషి చెమటతో ఒంటిని చల్లబరచుకున్నంతగా ఆ జంతువు చల్లబరచుకోలేదు.

ఇలాంటి వేటలో మనిషికి ఒక జంతువు దొరకడానికి ఒకటి రెండు రోజుల శ్రమ పట్టేది కాబట్టి మందలు తరగలేదు. తుపాకీ వచ్చాక పరిస్థితి తలకిందులైంది. కొంగోనీ పగటిపూట బయలు నేలలో మేస్తుంది, మిట్టల మీద నిలబడుతుంది, పారిపోయేటప్పుడు ముందు ఒకటి నడిస్తే మిగిలినవి దాని వెనుక బారులు తీరతాయి. సింహం నుంచి కాపాడిన ఈ అలవాట్లే తుపాకీ ముందు దాని ప్రాణం తీశాయి. ఉత్తరాఫ్రికాలో బ్యూబల్ అనే రకం ఉండేది. ఈజిప్టువారు వేటాడింది దాన్నే. ఫ్రెంచివారు అల్జీరియాను ఆక్రమించిన తరువాత సైనికులు మందలకు మందలనే కాల్చారు. పారిస్ జంతుశాలలో మిగిలిన ఒక ఆడది 1923లో చనిపోయింది. ఈ రోజు బ్యూబల్ భూమి మీద లేదు. దక్షిణాఫ్రికాలో కూడా 19వ శతాబ్దం ముగిసేసరికి చర్మం కోసం, ఎండుమాంసం కోసం సాగిన వేట వల్ల ఎర్ర హార్టెబీస్ట్ చాలా చోట్ల కనుమరుగైంది. 1909లో తూర్పు ఆఫ్రికాకు వచ్చిన అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ మ్యూజియం నమూనాల కోసం కాల్చిన జంతువుల్లో కొంగోనీలు కూడా ఉన్నాయి.

ఇప్పుడు కెన్యాలో 1977 నుంచి వేట నిషిద్ధం. టాంజానియాలో లైసెన్సు మీద అనుమతిస్తారు. నమీబియాలో 1975 చట్టం తన భూమిలోని కొన్ని రకాల వన్యప్రాణుల మీద భూయజమానికి హక్కులిచ్చింది. 1996లో ఆ అవకాశాన్ని ఉమ్మడి భూములున్న గ్రామాలకు కూడా విస్తరించారు. అంతకుముందు హార్టెబీస్ట్‌ను పశువుల గడ్డి తినే దొంగగా చూసిన రైతు, వేటగాడు డబ్బు కడతాడనీ మాంసం అమ్ముడవుతుందనీ తెలిసిన తరువాత దాన్ని ఉంచుకోవడం మొదలుపెట్టాడు. గోడకు తగిలించుకోవడానికి తల కొట్టుకుపోయే వేట నా మనసుకు ఎన్నడూ నచ్చలేదు. అయినా ఒక్క సంగతి ఒప్పుకోవాలి. అక్కడ గడ్డి నేల దున్నుడు పడకుండా గడ్డి నేలగానే మిగిలింది, ఎర్ర హార్టెబీస్ట్ సంఖ్య పెరిగింది. నేడు హార్టెబీస్ట్ రకాలలో ఎక్కువ సంఖ్యలో ఉన్నది అదే.

నన్ను ఎక్కువగా బాధించేది ఉచ్చు. టాంజానియాలోని సెరెంగెటీ మైదానాల పడమటి అంచున తీగతో ఉచ్చులు పన్ని మాంసం కోసం పట్టే దొంగవేట ఉంది. ఉచ్చుకు ఆడదీ మగదీ, చూలుదీ పిల్లదీ అన్న తేడా తెలియదు. అడవిపందుల కోసం పన్నిన ఉచ్చులో కాలు ఇరుక్కున్న ఆవుకు ఒకసారి నేను చికిత్స చేశాను. తీగ చర్మాన్ని దాటి స్నాయువు దాకా కోసుకుపోయింది. ఎంత పెనుగులాడితే అంత బిగుసుకొనే వస్తువు అది. ఆ ఆవు బతికింది గాని కాలు దక్కలేదు.

ప్రశ్న: వేటకంటే పశువుల జబ్బు వల్లనే ఆఫ్రికా జింకలు ఎక్కువగా చచ్చాయని విన్నాను. నిజమేనా? (ఒక పాడి రైతు, పాలకొల్లు)

జవాబు: ఒక కాలంలో, కొన్ని జంతువుల విషయంలో ముమ్మాటికీ నిజం. ఆ జబ్బు మీ తాతగారి తరానికి బాగా తెలిసినదే. ముసర వ్యాధి (ఇంగ్లీషులో రిండర్‌పెస్ట్). నోట్లో పుండ్లు, కంటి నుంచి ముక్కు నుంచి కారడం, కంపు కొట్టే పారుడు, వారం పది రోజుల్లో చావు. 1887 ప్రాంతంలో ఇటలీ సైన్యం కోసం ఎర్ర సముద్రపు ఒడ్డున దింపిన పశువుల ద్వారా అది తూర్పు ఆఫ్రికాలో అడుగుపెట్టింది. పదేళ్ళలో దక్షిణ కొస దాకా పాకింది. అది పోయిన దారిలో నూటికి 80 నుంచి 90 పశువులు చచ్చాయి, ఇథియోపియాలో ఘోరమైన కరువు వచ్చింది. అడవిదున్న, జిరాఫీ, అక్కడి జింకజాతులైన కుడూ, వైల్డ్‌బీస్ట్ కుప్పలుగా పడిపోయాయి. సోమాలియా, ఇథియోపియాల స్వేన్స్ హార్టెబీస్ట్‌ను ఒక పక్క ఈ జబ్బు, మరో పక్క తుపాకీ కలిసి దెబ్బతీశాయి. 1890లలో సోమాలీ మైదానాల్లో పెద్ద మందలుగా కనిపించిన ఆ రకం ఇప్పుడు సోమాలియాలో ఒక్కటీ లేదు. ఇథియోపియాలో సెంకెల్లే అనే చిన్న గడ్డి నేలలోనూ మరి రెండు మూడు చోట్లా వందల సంఖ్యలో మిగిలింది. 1991లో అక్కడి ప్రభుత్వం కూలిన గందరగోళంలో సెంకెల్లేలో కూడా చాలా వరకు చంపేశారు. కాపలా తిరిగి వచ్చాక నెమ్మదిగా కోలుకుంటున్నాయి.

1950ల చివర కెన్యాలోని ముగుగా పరిశోధనాలయంలో వాల్టర్ ప్లౌరైట్ బృందం చౌకైన, నమ్మకమైన టీకా తయారు చేసింది. టీకా వేసింది పశువులకు, మేలు అడవికి కూడా జరిగింది. సెరెంగెటీ చుట్టూ పశువులకు టీకాలు వేసిన తరువాత అక్కడి వైల్డ్‌బీస్ట్‌లు 1960ల మొదట్లో ఉన్న రెండున్నర లక్షల నుంచి 1970ల చివరికి 13 లక్షలకు చేరాయి. మన దేశంలో చివరి ముసర కేసు 1995లో నమోదైంది, 2011లో ప్రపంచం నుంచే ఆ జబ్బు పోయినట్టు ప్రకటించారు. థర్మాస్ ఫ్లాస్కులో ఐసు వేసుకొని, సైకిలు మీద గట్ల వెంట తిరిగి ఆ టీకా వేసిన వారిలో నేనూ ఒకణ్ణి. ఆ వార్త చదివిన రోజు నా కళ్ళు చెమర్చాయి.

ప్రశ్న: మా ఇంటి అటక మీద ముత్తాతగారి కాలపు కొమ్ముల జత దొరికింది. స్క్రూలాగా మెలి తిరిగి, చేయంత పొడవున ఉన్నాయి. హార్టెబీస్ట్‌వేనా? (ఒక పాఠకుడు, తణుకు)

జవాబు: కావు. స్క్రూలాగా మెలి తిరిగి చెరో వైపుకు పోయే కొమ్ములు మగ కృష్ణజింకవి, అంటే మన పెద్దలు ఇర్రి అన్నదానివి. హార్టెబీస్ట్ కొమ్ములకు ముందువైపు గట్టి కణుపులుంటాయి గాని అలాంటి మెలి ఉండదు. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. దాని కొమ్ములను అమ్మడం, కొనడం, ఎవరికైనా బహుమతిగా ఇవ్వడం చేయకండి. ఎప్పటివో, ఎలా దొరికాయో రాసి, దగ్గరలోని అటవీ రేంజి కార్యాలయానికి మీరే వెళ్ళి తెలియజేయండి.

ప్రశ్న: నమీబియా నుంచి చీతాలు తెచ్చారు కదా. హార్టెబీస్ట్‌ను కూడా తెచ్చి గోదావరి లంకల్లో వదిలితే బాగుంటుంది కదా, అక్కడ గడ్డి పుష్కలంగా ఉంది. (ఒక ఇంటర్ విద్యార్థిని, ఆత్రేయపురం)

జవాబు: నీ ప్రశ్న నాకు ఎంతో నచ్చిందమ్మా, అయితే జవాబు మాత్రం వద్దనే. చీతా ఒకప్పుడు మన దేశంలో ఉండి అంతరించినది, హార్టెబీస్ట్ ఎన్నడూ లేనిది. రెండో కారణం జబ్బు. హార్టెబీస్ట్, వైల్డ్‌బీస్ట్ కుటుంబంలో ఒక తరహా హెర్పిస్ వైరస్‌లు వాటికి ఏ హానీ చేయకుండా ఒంట్లో ఉండిపోతాయి. వైల్డ్‌బీస్ట్‌లోని వైరస్ ఆవుకు సోకితే తీవ్రమైన జ్వరం వచ్చి, కళ్ళు తెల్లబడి, చాలా వరకు చనిపోతుంది. మసాయి పశుపాలకులు వైల్డ్‌బీస్ట్ ఈనే కాలంలో తమ మందలను ఆ గడ్డి దరికే పోనివ్వరు. ఇంటింటా పాడి ఉన్న మన డెల్టాకు అలాంటి బంధువులను పిలవకూడదు.

మూడో కారణం గోదావరి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకలు ఎలా మునిగాయో నువ్వు చూసే ఉంటావు. పుట్టెక్కి నిలబడే జంతువుకు అక్కడ ఎక్కడానికి పుట్ట కూడా మిగలదు. నీకు తెలుసో లేదో, ఆ లంకల గడ్డిలో ఇప్పటికే మన కృష్ణజింకలు మేస్తున్నాయి. వరద వచ్చినప్పుడల్లా అవి ఈదుకుంటూ ఏటిగట్టు వైపు వస్తాయి. లంక గడ్డి చేలుగా, ఇసుక బాటలుగా మారే కొద్దీ వాటికి నిలిచే చోటు తగ్గుతోంది.

ఈసారి వరదలో గట్టు మీద జింక కనిపిస్తే దగ్గరికి వెళ్ళవద్దు, పట్టుకొని కట్టేయవద్దు. ఈ కుటుంబపు జంతువులను తరిమినా, పెనుగులాడేలా చేసినా కండరాలు లోలోపల దెబ్బతిని, ఒంటి మీద గాయం లేకుండానే గంటల్లోనో రోజుల్లోనో చనిపోతాయి. ఆఫ్రికాలో హార్టెబీస్ట్‌లను ఒక చోటి నుంచి మరో చోటికి తరలించే పశువైద్యులు అన్నిటికంటే ఎక్కువగా భయపడేది దీనికే, అందుకే కళ్ళకు గంతలు కట్టి, చల్లటి వేళలో, చప్పుడు లేకుండా పని చేస్తారు. నీ వంతుగా వీధిలోని కుక్కలను కట్టేయించు, గుమిగూడినవారిని వెనక్కి జరగమను, ఫోన్లతో వెంటపడనివ్వకు, అటవీ సిబ్బందికి కబురు చెయ్యి. నీరు తీసిన తరువాత దాని దారి దానికి వదిలితే లంక ఎటు ఉందో అదే వెతుక్కుంటుంది.